కార్బ్యురేటర్ చుట్టూ అన్ని గొట్టాలు ఎందుకు? పాత కార్లలో పొగ నియంత్రణ భాగాల లెక్క

పాత కారు బానెట్ ఎత్తితే ముందు కనిపించేది పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బ్యురేటర్ కాదు, దాన్ని కప్పేసిన సన్నటి రబ్బరు గొట్టాలు. 1970ల నుంచి 80ల చివరిదాకా వచ్చిన పెట్రోల్ కార్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఎక్కడో మొదలై ఇంకెక్కడో తేలే గొట్టాలు, మధ్యలో రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు, గుండ్రటి రేకు డబ్బాలు, రెండు మూడు వైర్లు. బండి ఐడ్లింగ్‌లో వణికినా, పికప్ లేకపోయినా నింద వీటి మీదే పడుతుంది. 'ఇవన్నీ పొల్యూషన్ కోసం తగిలించినవి, పీకేసి మూతులు మూసేయండి' అనే సలహా కూడా వెంటనే దొరుకుతుంది.

ఆ సలహా వింటే నష్టపోయేది బండి యజమానే. ఆ కాలపు ఇంజన్‌ని ఈ భాగాలన్నీ పనిచేస్తున్నాయన్న లెక్కతోనే ట్యూన్ చేశారు. పెట్రోల్ వచ్చే జెట్ రంధ్రం సైజు, డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే అడ్వాన్స్ (ప్లగ్గు నిప్పురవ్వ ఎంత ముందుగా రావాలన్నది), ఐడ్లింగ్‌లో లోపలికి వెళ్లే గాలి, అన్నీ ఆ లెక్కలోవే. ఒకటి తీసేస్తే మిగతావి తప్పుతాయి. తీసేశాక బండి బాగుపడినట్టు అనిపించిందంటే చాలాసార్లు ఆ భాగం అప్పటికే చెడిపోయి ఉందని అర్థం. బాగుచేయాల్సిన దాన్ని పారేశారన్నమాట.

ఈ చిక్కు విప్పడానికి తేలికైన దారి ఒకటుంది. భాగాల పేర్లు కాసేపు పక్కన పెట్టి, ప్రతిదాన్నీ 'నువ్వు ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఊరుకోవాలి' అని అడగాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు, ఐడ్లింగ్‌లో, ఒకే వేగంతో పోతున్నప్పుడు, యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, ఇంజన్ ఆపాక: దాదాపు ప్రతి భాగమూ వీటిలో ఒకటి రెండు స్థితుల కోసమే ఉంటుంది. బండి ఏ స్థితిలో మొరాయిస్తోందో గమనిస్తే అనుమానించాల్సినవి రెండో మూడో మిగులుతాయి.

ముందుగా పొగ సంగతి. సైలెన్సర్‌లోంచి వచ్చే వాటిలో మూడింటిని తగ్గించాలి. మండకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు. సగం మండగా వచ్చే కార్బన్ మోనాక్సైడ్. విపరీతమైన వేడిలో గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు. పెట్రోల్, గాలి కలిసిన మిక్చర్‌లో పెట్రోల్ ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. మిస్‌ఫైర్ అయితే హైడ్రోకార్బన్లు పెరుగుతాయి, అది పెట్రోల్ ఎక్కువై అయినా, మరీ తక్కువై అయినా. నైట్రోజన్ ఆక్సైడ్లది ఎదురు దారి. మిక్చర్ కొంచెం పలచగా, మంట వేడిగా ఉంటే అవి పెరుగుతాయి. మొదటి రెంటినీ తగ్గించే పనులు మూడోదాన్ని పెంచుతాయి గనకే ఒక్క పరికరంతో పని జరగలేదు. అమెరికాలో కాలిఫోర్నియా 1960ల మొదట్లో కార్లకు క్రాంక్‌కేస్ వాల్వ్ తప్పనిసరి చేసింది, ఇంజన్ అడుగు పెట్టెలో చేరే వాయువుని తిరిగి మండించేది ఇది. పెట్రోల్ ఆవిరిని పట్టే డబ్బా అక్కడ 1970 మోడళ్లకు, దేశమంతటా 1971 మోడళ్లకు వచ్చింది. 1975 నాటికి ఎగ్జాస్ట్ వాయువులను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చేరింది. ఇలా ఒకదాని మీద ఒకటి చేరడం వల్లే బానెట్ కింద ఇంత సందడి.

రెండు రకాల వాక్యూమ్

గొట్టాల లెక్క అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. కార్బ్యురేటర్ అడుగున, యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే థ్రాటిల్ పలక ఉంటుంది. దాని కింద, సిలిండర్లకు మిక్చర్ తీసుకెళ్లే మానిఫోల్డ్‌లో, ఇంజన్ పీల్చడం వల్ల ఉండేది మానిఫోల్డ్ వాక్యూమ్. బాగున్న ఇంజన్‌లో ఐడ్లింగ్ దగ్గర ఇది పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాలు ఉంటుంది, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే దాదాపు సున్నాకి పడిపోతుంది. మూసి ఉన్న థ్రాటిల్ పలక అంచుకి కాస్త పైన ఇంకో చిన్న రంధ్రం ఉంటుంది. ఐడ్లింగ్‌లో అక్కడ వాక్యూమ్ ఉండదు. యాక్సిలరేటర్ కొంచెం నొక్కగానే పలక అంచు ఆ రంధ్రాన్ని దాటుతుంది, అప్పుడు వాక్యూమ్ అందుతుంది. దీన్ని పోర్టెడ్ వాక్యూమ్ అంటారు.

ఐడ్లింగ్‌లో ఊరుకుని బండి కదిలాక పనిచేయాల్సినవన్నీ ఈ పై రంధ్రానికే కలుస్తాయి. ఎగ్జాస్ట్‌ని వెనక్కి పంపే ఈజీఆర్ వాల్వ్, చాలా కార్లలో డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్, ఆవిరి డబ్బాని ఖాళీ చేసే గొట్టం అలాంటివి. రెండు గొట్టాలు తారుమారైతే చాలు, ఏ భాగమూ చెడిపోకుండానే బండి మొత్తం చెడినట్టు ప్రవర్తిస్తుంది. ఈజీఆర్ గొట్టం పొరపాటున మానిఫోల్డ్ వాక్యూమ్‌కి పెడితే ఐడ్లింగ్ నిలవదు, ఎంత స్క్రూ తిప్పినా కుదరదు.

గొట్టాల మధ్యలో కనిపించే ఇత్తడి లేదా ప్లాస్టిక్ మరలు ఉష్ణోగ్రత స్విచ్‌లు. వాటి కొన కూలెంట్‌లో మునిగి ఉంటుంది. ఇంజన్ వేడెక్కేదాకా వాక్యూమ్ దారి మూసి ఉంచి, తర్వాత తెరుస్తాయి. పరీక్ష సులువు: చల్లగా ఉన్నప్పుడు ఒక మూతికి చేతి వాక్యూమ్ పంపు పెట్టి లాగితే గేజ్ నిలవాలి, ఇంజన్ వేడెక్కాక అదే మూతిలోంచి గాలి పారాలి. కొన్ని స్విచ్‌లు దీనికి తిరగబడి పనిచేస్తాయి. ఇంజన్ మరీ వేడెక్కితే డిస్ట్రిబ్యూటర్‌కి పూర్తి మానిఫోల్డ్ వాక్యూమ్ కలిపి, ఐడ్లింగ్ వేగం పెంచి, నీటి పంపు, ఫ్యాన్ వేగంగా తిరిగేలా చేసే స్విచ్ అలాంటిదే. పొగ తగ్గించాలని ఆలస్యం చేసిన టైమింగ్ వల్ల ఇంజన్ వేడెక్కకుండా కాపాడేది ఇదే గనక దీన్ని మూసేస్తే ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది.

రంగురంగుల చిన్న బిళ్లలు ఆలస్యపు వాల్వులు. వాటి లోపల ఉండే సన్నటి రంధ్రాల లోహపు ముక్క గుండా గాలి ఒకవైపు మెల్లగా, రెండోవైపు స్వేచ్ఛగా పోతుంది. యాక్సిలరేటర్ నొక్కగానే అడ్వాన్స్ ఒక్కసారిగా పెరగకుండా కొన్ని సెకన్లు ఆపడం వాటి పని. ఊడదీసేముందు ఏ రంగు ఎటువైపు ఉందో గుర్తు పెట్టుకోకపోతే తిరగేసి బిగించడం ఖాయం. బిగించాక చూస్తే ఏ తేడా కనిపించదు, నడిపితే మాత్రం పికప్ చచ్చిపోతుంది.

చల్లటి ఇంజన్ దగ్గర

చల్లటి ఇంజన్‌కి గాలి తగ్గించి మిక్చర్‌ని చిక్కన చేసేది చోక్. ఆటోమేటిక్ చోక్‌లో చుట్టలా ఉన్న రెండు లోహాల స్ప్రింగ్ చలికి చోక్ పలకని మూస్తుంది, కరెంటు హీటరో వేడి నీరో తగిలితే తెరుస్తుంది. ఇంజన్ స్టార్ట్ అయిన క్షణంలో చోక్ పలక కొద్దిగా తెరుచుకోవాలి, లేకపోతే ఇంజన్ పెట్రోల్‌తో మునిగిపోతుంది. ఆ పని చేసేది చోక్ పుల్‌ఆఫ్ అనే చిన్న డబ్బా, లోపల వాక్యూమ్‌కి కదిలే రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉంటుంది. దాని రబ్బరు చిరిగితే రెండు నష్టాలు ఒకేసారి: స్టార్ట్ అయ్యాక నల్లటి పొగ, పైగా చిరుగు గుండా వాక్యూమ్ లీకు. పంపు పెట్టి లాగితే ములుకు లోపలికి వెళ్లి అక్కడే నిలవాలి. అప్పుడు చోక్ పలక అంచుకీ గోడకీ మధ్య సందు ఎంత ఉందో సరైన సైజు డ్రిల్ బిట్ వెనక భాగాన్ని దూర్చి కొలుస్తారు. ఎంత ఉండాలన్నది ఆ కార్బ్యురేటర్ మాన్యువల్‌లో ఉంటుంది, ఊహించి పెట్టకూడదు. చోక్ హీటర్‌కి ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రమే కరెంటు రావాలి. అసలు రాకపోతే ఎంత దూరం పోయినా చోక్ సగం మూసే ఉంటుంది, ప్లగ్గులు మసిబారతాయి.

ఎయిర్ క్లీనర్ మూతికి లోపల ఒక రేకు తలుపు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద నుంచి వేడిగాలిని తీసుకుంటుంది, వేడెక్కాక బయటి గాలికి తిరుగుతుంది. లోపలికి పోయే గాలిని దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలన్నది ఉద్దేశం. గాలి వెచ్చగా ఉంటే చోక్ త్వరగా వదలొచ్చు, మిక్చర్ పలచగా ఉన్నా బండి తడబడదు. కింది నుంచి వచ్చే ముడతల గొట్టం ఊడిపోయి, ఎవరూ తిరిగి పెట్టకుండా వదిలేసిన బండ్లు కొల్లలు. చలి, తేమ ఉన్న చోట అలాంటి బండిలో కార్బ్యురేటర్ గొంతులో మంచు పట్టి ఇంజన్ ఆగిపోతుంది, పది నిమిషాలకు మంచు కరిగి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. తలుపు వేడి వైపే ఇరుక్కుంటే మాత్రం ఎండలో నాకింగ్ (మిక్చర్ తనంతట తానే అంటుకుని కటకటమనడం), నీరసం.

ఐడ్లింగ్‌లో వణుకు

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత వాయువు కిందికి, క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. దాన్ని మళ్లీ మానిఫోల్డ్‌లోకి లాగి మండించేది పీసీవీ వాల్వ్. లోపల ఒక ములుకు, దానికో స్ప్రింగ్. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ బలంగా ఉంటుంది గనక ములుకు దాదాపు మూసుకుపోయి కొద్దిగానే వదులుతుంది, లోడ్ పెరిగి వాక్యూమ్ తగ్గితే బాగా తెరుచుకుంటుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలిలో చెప్పుకోదగ్గ భాగం దీని గుండానే వస్తుంది. కాబట్టి 'చూడ్డానికి అలాగే ఉంది కదా' అని వేరే ఇంజన్ వాల్వ్ పెడితే మిక్చర్ తప్పుతుంది.

వాల్వ్‌ని బయటికి తీసి ఊపితే టకటకమనాలి. ఇంజన్ నడుస్తుండగా దాని మూతికి వేలు అడ్డం పెడితే గట్టిగా పీల్చాలి, వేగం కాస్త తగ్గాలి. వేలు పెట్టినా తేడా లేకపోతే వాల్వో గొట్టమో పూడిపోయింది. పూడిపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల దగ్గర కారుతుంది, ఎయిర్ క్లీనర్‌లోకి ఆయిల్ ఎక్కుతుంది. కొత్త వాల్వ్ పెట్టినా ఎయిర్ క్లీనర్‌లోకి ఆయిల్ వస్తూనే ఉంటే రింగులు అరిగాయని అనుకోవాలి, అప్పుడు కంప్రెషన్ చూడాలి.

వేడి ఐడ్లింగ్ కోసం కొన్ని కార్బ్యురేటర్లలో రెండు లోహాల పట్టీతో తెరుచుకునే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. బానెట్ కింద మరీ వేడెక్కి పెట్రోల్ ఆవిరి పొంగినప్పుడు అదనంగా గాలి వదలడానికి. అది చల్లగా ఉన్నప్పుడూ తెరిచే ఉంటే ఐడ్లింగ్ పలచబడి కుదుపుతుంది. పెన్సిల్ రబ్బరుతో దాన్ని మూసి చూస్తే నిజం తెలుస్తుంది.

తాళం తీసేసినా ఇంజన్ కొంతసేపు గొణుగుతూ తిరగడం ఈ తరం బండ్లలో మామూలు. పలచని మిక్చర్, ఆలస్యపు టైమింగ్, ఎక్కువ వేడి, ఎక్కువ ఐడ్లింగ్ వేగం కలిసి ప్లగ్గు లేకుండానే మిక్చర్ అంటుకుంటుంది. దీన్ని ఆపడానికే కార్బ్యురేటర్‌కి కరెంటుతో కదిలే సోలెనాయిడ్ పెట్టారు. ఒక రకం ఐడ్లింగ్ పెట్రోల్ దారిని సూదితో మూస్తుంది, ఇంకో రకం వెనక్కి తగ్గి థ్రాటిల్‌ని పూర్తిగా మూసుకోనిస్తుంది. తాళం తిప్పితే టక్కుమని చప్పుడు రావాలి. మొదటి రకంలో సూది ఇరుక్కుంటే బండి యాక్సిలరేటర్ మీదే నడుస్తుంది, వదిలితే ఆగిపోతుంది. కార్బ్యురేటర్ మొత్తం విప్పేముందు ఈ ఒక్క వైరుకి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూస్తే చాలా శ్రమ తప్పుతుంది.

ఈజీఆర్: అందరూ మూసేది, మూయకూడనిది

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మంట ఉష్ణోగ్రత సుమారు 1370 డిగ్రీల సెల్సియస్ దాటితే నైట్రోజన్ ఆక్సైడ్లు వేగంగా పుడతాయి. అప్పటికే మండిపోయిన ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని తిరిగి మానిఫోల్డ్‌లోకి పంపితే అది మండదు, వేడిని మాత్రం పీల్చుకుంటుంది. మంట చల్లబడుతుంది. ఐడ్లింగ్‌లో ఇది పనికిరాదు, ఉన్న కాస్త మిక్చర్‌ని పాడుచేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లోనూ పనికిరాదు, శక్తి కావాలి గనక. మధ్యలో, ఒకే వేగంతో పోతున్నప్పుడే దీని పని. పోర్టెడ్ వాక్యూమ్ సరిగ్గా ఆ సమయంలోనే దొరుకుతుంది.

ఈజీఆర్ వల్ల మంట నెమ్మదిస్తుంది కాబట్టి, ఆ ఇంజన్లకు సాఫీగా పోయే వేగంలో అడ్వాన్స్ ఎక్కువ ఇచ్చారు. వాల్వ్‌ని మూసేసి డిస్ట్రిబ్యూటర్‌ని అలాగే వదిలేస్తే ఆ అడ్వాన్స్ మరీ ఎక్కువైపోతుంది. కొద్దిగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు సన్నగా కటకట నాకింగ్ మొదలవుతుంది. కిటికీలు మూసి ఉంటే వినిపించదు కూడా. నెలల తరబడి అలా నడిపితే పిస్టన్ పైభాగం, రింగుల గట్లు దెబ్బతింటాయి.

పరీక్షకి ఇంజన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉండగా ఈజీఆర్ డయాఫ్రమ్‌కి పంపుతో 10 నుంచి 15 అంగుళాల వాక్యూమ్ ఇవ్వాలి. ఇంజన్ వెంటనే తడబడాలి, ఆగిపోయినా మంచిదే. డయాఫ్రమ్ కింద కాడ పైకి లేచినా ఇంజన్‌లో చలనం లేకపోతే వాల్వ్ బాగానే ఉంది, కింద దారి మసితో పూడింది. ఇదే ఎక్కువగా జరిగేది. అలాంటప్పుడు కొత్త వాల్వ్ కొనడం దండగ. వాల్వ్ విప్పి, మానిఫోల్డ్‌లోని రంధ్రాన్ని మొద్దు స్క్రూడ్రైవర్‌తో గీకి, రాలిన మసిని వాక్యూమ్ క్లీనర్‌తో లాగేసి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. మసి ముక్కలు సిలిండర్‌లోకి పోకుండా చూసుకోవాలి. వాల్వ్‌ని ద్రావకంలో ముంచితే డయాఫ్రమ్ రబ్బరు పోతుంది.

పంపు వాక్యూమ్ నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగిందని తొందరపడి తేల్చేయొద్దు. ఎగ్జాస్ట్ వెనక ఒత్తిడిని బట్టి పనిచేసే రకాలు కొన్ని, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు వాక్యూమ్‌ని కావాలనే వదిలేస్తాయి. అది తెలియక మంచి వాల్వులు ఎన్నో చెత్తలోకి పోయాయి. ఇక మసి ముక్క అడ్డంపడి వాల్వ్ తెరిచే ఉండిపోతే లక్షణం తిరగబడుతుంది: ఐడ్లింగ్ గరుకుగా ఉంటుంది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఇంజన్ ఆగుతుంది, వేగంలో మాత్రం అంతా బాగుంటుంది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు

వేగంగా పోతూ యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ టప్పున మూసుకుంటుంది. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎగబాకి, గోడలకు తడిగా అంటుకున్న పెట్రోల్ ఒక్కసారిగా ఆవిరవుతుంది. గాలి లేదు, పెట్రోల్ మాత్రం దండిగా ఉంది. అదంతా మండకుండానే బయటికి పోతుంది. థ్రాటిల్ మెల్లగా మూసుకునేలా ఆపే డ్యాష్‌పాట్ ఇందుకే పెట్టింది. దాని ములుకుని వేలితో నొక్కితే నిదానంగా లోపలికి పోవాలి, వదిలితే చటుక్కున బయటికి రావాలి.

గాలి పంపు ఉన్న బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గరికి తాజా గాలి పంపి, మిగిలిన పెట్రోల్‌ని అక్కడే కాలుస్తారు. యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో ఆ గాలి ఆగకపోతే సైలెన్సర్‌లో టపాటపా పేలుతుంది. కాబట్టి పేలుడు వినిపిస్తే ముందు ఆ గాలిని దారి మళ్లించే డైవర్టర్ వాల్వ్‌నీ దాని సన్న గొట్టాన్నీ, తర్వాత ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ లీకుల్నీ చూడాలి. పంపుకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్ ఉంటుంది. పంపు వైపు రబ్బరు గొట్టం కాలి పెళుసెక్కి ఉంటే ఆ వాల్వ్ పోయిందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. గొట్టం ఒక్కటే మార్చితే అదీ కాలుతుంది.

ఇంజన్ ఆపాక

ట్యాంకులోంచి, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలవ ఉండే ఫ్లోట్ గిన్నెలోంచి లేచే ఆవిరిని బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. బండి కదిలాక తాజా గాలి ఆ బొగ్గు గుండా పోయి ఆవిరిని ఇంజన్‌లోకి తీసుకెళ్తుంది. ఆగి ఉన్న వేడి ఇంజన్ మీద ఫ్లోట్ గిన్నె సెగ తగిలి ఉడుకుతుంది. గిన్నె నుంచి డబ్బాకి వెళ్లే గొట్టం నలిగినా, వెంట్ వాల్వ్ ఇరుక్కున్నా ఆవిరంతా మానిఫోల్డ్‌లోకే దిగుతుంది. పావుగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎంతకీ అందుకోని బండిలో చూడాల్సింది ఇక్కడ.

పెట్రోల్ పంపులో నాజిల్ ఆగాక కూడా గొంతుదాకా నింపే అలవాటు ఈ డబ్బాని చంపుతుంది. ద్రవ పెట్రోల్ బొగ్గులోకి ఎక్కితే ఇంక అది ఆవిరి పట్టదు, ఐడ్లింగ్‌లో పెట్రోల్ వాసన, మిక్చర్ చిక్కదనం మొదలవుతాయి. డబ్బాని ఎత్తి చూస్తే బరువుగా ఉండి లోపల పెట్రోల్ తొణికితే మార్చాల్సిందే. అడుగున స్పాంజి ఫిల్టర్ ఉన్న రకాల్లో అది పొడైపోయి గాలి దారి మూస్తుంది, కొత్తది పెడితే సరిపోతుంది.

1980ల కార్లలో కంప్యూటర్

అమెరికా మార్కెట్‌కి వచ్చిన చాలా కార్లలో మూడు వాయువులనూ ఒకేసారి శుద్ధిచేసే కన్వర్టర్ పెట్టాక, మిక్చర్‌ని బరువు లెక్కన 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోల్ దగ్గర పట్టి ఉంచాల్సి వచ్చింది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్, కార్బ్యురేటర్‌లో సోలెనాయిడ్, మధ్యలో కంప్యూటర్. జనరల్ మోటార్స్ 1981 కార్లలో ఆ సోలెనాయిడ్ సెకనుకి 10 సార్లు కొట్టుకుంటుంది. దాని పరీక్ష వైరుకి, అది ఎంతసేపు ఆన్‌లో ఉందో డిగ్రీల్లో చూపే డ్వెల్ మీటర్ కలిపి ఆరు సిలిండర్ల స్కేలు మీద చూస్తే, వేడెక్కిన ఇంజన్‌లో ముల్లు 30 డిగ్రీల చుట్టుపక్కల కదులుతూ ఉండాలి. 50 దాటి నిలిచిపోతే మిక్చర్ చిక్కగా ఉంది, కంప్యూటర్ పలచన చేయాలని తంటాలు పడుతోంది. 10 దగ్గర నిలిస్తే పలచగా ఉంది, ఎక్కడో వాక్యూమ్ లీకు వెతకాలి. ముల్లు అసలు కదలకపోతే ముందు సెన్సర్ వైరు చూడండి.

పని ఏ వరసలో చేయాలి

బానెట్ కిందో రేడియేటర్ పక్కనో అతికించిన స్టిక్కర్ మీద గొట్టాల పటం, టైమింగ్, ఐడ్లింగ్ వేగం ఉంటాయి. మొదట దాన్ని తుడిచి ఫోటో తీసుకోవాలి. స్టిక్కర్ పోయి ఉంటే అదే ఇంజన్, అదే సంవత్సరం, అదే గేర్‌బాక్స్ మాన్యువల్ కావాలి, ఎందుకంటే మాన్యువల్ గేర్‌కీ ఆటోమేటిక్‌కీ పటం వేరుగా ఉండొచ్చు. తర్వాత గొట్టాలు. చివర్లు వదులైన, వంచితే పగుళ్లు కనిపించే ప్రతి గొట్టాన్నీ మార్చాలి, ఒకటి ఊడదీసి అదే సైజు కొత్తది అదే చోట పెట్టాకే రెండోది ముట్టుకోవాలి. సగం బండ్లు ఇక్కడే బాగుపడతాయనడం అతిశయోక్తి కాదు. లీకు వెతకడానికి వెలిగించని ప్రొపేన్ గొట్టాన్ని అనుమానం ఉన్న చోట పెడితే లీకు దగ్గర ఐడ్లింగ్ మారుతుంది. నిప్పు, స్పార్క్ దగ్గర లేకుండా, గాలి ఆడే ఆరుబయటే ఈ పని చేయాలి.

ఇవన్నీ అయ్యాక ప్లగ్గులు, టైమింగ్ సరిచూసి, చిట్టచివర ఐడ్లింగ్ మిక్చర్ స్క్రూ జోలికి వెళ్లాలి. ముందే దాన్ని తిప్పితే లీకుని కప్పిపుచ్చినట్టవుతుంది. స్క్రూని వేళ్లతో మెల్లగా లోపలికి బిగించి, బిగుసుకోగానే ఆపి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పితే స్టార్ట్ చేయడానికి సరిపోతుంది. గట్టిగా బిగిస్తే సూది మొనపై గాడి పడి ఇంకెప్పుడూ సరిగా సెట్ కాదు. వేడి ఇంజన్‌లో టాకోమీటర్ చూస్తూ వేగం అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడ వస్తుందో అక్కడ నిలపాలి. అప్పుడు వేగం స్టిక్కర్ మీద ఉన్న అంకెకి నిమిషానికి 50 ఇంజన్ చుట్లు ఎక్కువ ఉండేలా థ్రాటిల్ స్క్రూతో సరిచేసి, మిక్చర్ స్క్రూని లోపలికి తిప్పుతూ ఆ 50 తగ్గించాలి. మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించాలి. రెండు స్క్రూలు ఉంటే రెండింటినీ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పాలి. చివరికి వేగం స్టిక్కర్ మీది అంకె దగ్గర కుదుపు లేకుండా నిలవాలి. నిలవకపోతే స్క్రూని మళ్లీ బయటికి తిప్పి చిక్కన చేయకుండా, గాలి ఎక్కడ దూరుతోందో వెతకడానికి గొట్టాల దగ్గరికే తిరిగి వెళ్లాలి.